ఊపిరి సలపని రోజుల్లో ఒత్తిడి తగ్గేదెలా?

మహబూబ్‌నగర్ పట్టణం నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తన పేరూ, పనిచేసే ఊరి పేరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆమెను గుర్తుపట్టే వివరాలు వదిలి, అవసరమైనంత మేరకే ఇక్కడ చెబుతున్నాను. ఆమె వయసు 38. దేవరకద్ర వైపు ఒక గ్రామంలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నారు. భర్త జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోని ఒక మందుల కంపెనీలో షిఫ్టుల మీద ఉద్యోగం చేస్తారు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కూతురు పదో తరగతి, కొడుకు ఆరో తరగతి చదువుతున్నారు. అత్తమ్మకు షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

తెల్లవారుజామున 4:30కి లేచి, ఇంట్లో అందరికీ ఒక కూర, అత్తమ్మకు ఉప్పూ నూనే తగ్గించి మరొక కూర వండి, టిఫిన్ డబ్బాలు కట్టి, ఆరుంపావుకల్లా స్కూటీ తీయాలి. ఊరు చేరగానే పారిశుధ్య కార్మికులు ఎంతమంది వచ్చారో చూసుకోవాలి, ట్రాక్టరు వెంట వీధులు తిరగాలి, ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాలి. ఆ తర్వాత ధ్రువపత్రాల కోసం వచ్చేవాళ్లు, భగీరథ నీళ్లు రాలేదని వచ్చేవాళ్లు, వీధిలైటు వెలగడం లేదని ఫోన్ చేసేవాళ్లు. సాయంత్రం మండల కార్యాలయంలో సమావేశం ఉంటే ఇల్లు చేరేసరికి ఏడున్నర. రాత్రి తొమ్మిది దాటాక మిగిలిన రిపోర్టులు. పడుకునేసరికి పదకొండున్నర. మూడు గంటలకు గుండె దడదడలాడుతూ మెలకువ వస్తోందనీ, ఇక నిద్రపట్టడం లేదనీ, మెడనొప్పీ తలనొప్పీ వదలడం లేదనీ రాశారు. ఊర్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్రలు అప్పుడప్పుడు వేసుకుంటున్నారట.

ఉత్తరంలో ఒక సాయంత్రం గురించి వివరంగా రాశారు. మన్యంకొండ జాతరకు వచ్చిన చుట్టాలు ఇంట్లో ఉన్నారు. పెంక మీద జొన్నరొట్టె ఉంది, చేతులకు పిండి ఉంది. గేట్ వాల్వు దగ్గర పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డు మీదికి పోతున్నాయని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మోచేత్తో ఫోనును చెవికి నొక్కిపెట్టుకుని మాట్లాడుతుంటే, కొడుకు ప్రోగ్రెస్ కార్డు పట్టుకొచ్చి సంతకం పెట్టమని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేసరికి చెంప మీద కొట్టారు. రొట్టె మాడిపోయింది, పిల్లవాడి చెంప మీద పిండి వేళ్ల గుర్తులు మిగిలాయి. "ఆ రోజు నుంచి వాడు నా దగ్గరికి రావడానికి జంకుతున్నాడు" అని రాశారు.

ఒత్తిడి తగ్గుతుందని ఎవరో చెప్తే నాలుగు గంటలకే లేచి ఫోనులో చూస్తూ యోగా మొదలుపెట్టారు. ధ్యానం యాప్ కూడా పెట్టుకున్నారు. నెల తిరగకముందే రెండూ ఆగిపోయాయి, ఇప్పుడు ఆ ఆగిపోవడమే మరో బెంగ అయింది. భర్త "ఉద్యోగం మానేయి" అంటున్నారు. అమ్మ "సర్కారు నౌకరి చేతులార వదులుకుంటవా బిడ్డా?" అంటున్నారు. అక్క "నాలుగు రోజులు శ్రీశైలం పోయొద్దాం" అంటోంది. మార్చి 31లోగా ఇంటి పన్నుల వసూలు పూర్తి చేయాలి, అదే మార్చిలో కూతురి పదో తరగతి పరీక్షలు. "పెద్ద పెద్ద పద్ధతులు నా వల్ల కావు. రోజూ చేసుకోగలిగేవి ఏమైనా ఉంటే చెప్పండి. లేదంటే మానేయమంటారా? ఒక్కోసారి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది" అన్నది ఉత్తరంలోని చివరి మాట.

అమ్మా, ముందుగా ఆ చివరి మాట గురించే అడుగుతాను. ఎటైనా వెళ్లిపోవాలనిపించడం అంటే ఈ గోల నుంచి రెండు రోజులు దూరంగా ఉండాలనిపించడమా, లేక బతకాలనే అనిపించకపోవడమా? మొదటిదైతే కింద రాసేవి మీకు పనికొస్తాయి. రెండోది ఒక్కసారి తోచినా, ఈ సమాధానం మొత్తం చదివేదాకా ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఫోన్ చేయండి. అది ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఆలోచన వచ్చిందని మీ ఆయనకు కూడా అదే రోజు చెప్పండి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, ఏడుపు ఆగకుండా ఉంటే కూడా చిట్కాలతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడమే సరైనది. అది మీ చేతకానితనం అని ఎవరన్నా ఆ మాట పట్టించుకోకండి.

మీ గుండెదడను కూడా నేను టెన్షన్ ఖాతాలో వేయలేను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ గ్రంథి పని తీరు మారినా గుండె దడదడలాడుతుంది, నీరసం వస్తుంది, జుట్టు రాలుతుంది, చిరాకు పెరుగుతుంది. ఆడవాళ్లలో ఈ రెండూ చాలా ఎక్కువగా కనిపించే సమస్యలు; ఇంటి చాకిరీ మధ్య ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని సమస్యలు కూడా. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకుని, బీపీ చూపించుకోండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది కనుక ఇందుకు ఒక పూట చాలు. ఆ నిద్రమాత్రల పట్టీ కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించండి. పరీక్షల్లో లోపం బయటపడితే మీరు ఇన్నాళ్లూ మీ స్వభావం చెడిపోయిందని బాధపడుతున్నదానికి మందుతో తగ్గే కారణం ఒకటి దొరుకుతుంది. ఏమీ లేదని తేలితే కనీసం రాత్రి మూడింటికి "గుండెకేమైనా అయిందేమో" అన్న భయం పోతుంది.

ఇక యోగా సంగతి. అది ఆగిపోవడం మీ బద్ధకం వల్ల కాదని నా గట్టి నమ్మకం. పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేచే మనిషికి ఉన్నదే 5 గంటల నిద్ర, అందులోనూ మూడింటికి ఒకసారి మెలకువ. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. ఆ కొద్ది నిద్రలోనూ అరగంట కోసి యోగాకు ఇచ్చారు. యోగా మంచిదే, కానీ దాని వేళ మీకు పడేది కాదు. ఒత్తిడి తగ్గించుకునే ప్రయత్నం మీ పనుల పట్టికలో ఇంకొక పని అయి కూర్చుంది, చేయకపోతే బాధపడాల్సిన పని అయింది. అందుకని మీ రోజులో కొత్తగా పది నిమిషాలు వెతుక్కోమని చెప్పే పద్ధతులు నేను చెప్పను. ఉన్న పనుల్లోనే కొన్నింటికి ముగింపు పెట్టడం, కొన్నింటిని వేరేవాళ్ల చేతికి ఇవ్వడం, వీటి గురించే చెబుతాను.

ఎందుకంటే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు పని ఎక్కువ కావడం కంటే ఎక్కువగా కనిపించింది, ఏ పనీ పూర్తికాకపోవడం. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదల చేసి గుండె వేగం పెంచి, కండరాలు బిగించి మనల్ని సిద్ధం చేస్తుంది. అది మనకు మేలు చేసే ఏర్పాటే. ప్రమాదం గడిచాక శరీరం మళ్లీ నెమ్మదిస్తుంది. మీకు ఆ గడవడం అన్నదే లేదు. ఊళ్లో ఉన్నప్పుడు కొడుకు బడి గ్రూపులో మెసేజ్, ఇంట్లో రొట్టె చేస్తున్నప్పుడు గేట్ వాల్వు ఫోన్, పడుకున్నాక రేపటి రిపోర్టు. ఒకేసారి అన్ని వార్డులకూ నీళ్లు వదిలితే ఏ వీధికీ సరైన ధార అందదని మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ధ్యాస పరిస్థితి ఇప్పుడు అలాగే ఉంది.

కనుక మొదట ఫోన్. మీరు 14 వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నానని రాశారు. మీ ముందు మూడు దారులు ఉన్నాయి. సాయంత్రం ఏడున్నర తర్వాత అత్యవసరమైతేనే ఫోన్ చేయండి, గ్రూపులు చూడను అని ఊరి గ్రూపులోనూ, మండల గ్రూపులోనూ బహిరంగంగా చెప్పడం ఒకటి. ఇది నిజాయితీ గల పద్ధతి, కానీ పై అధికారి ఎలా తీసుకుంటారో మీకే తెలియాలి. కొందరు గౌరవిస్తారు, కొందరు మర్నాటి సమావేశంలో నలుగురి ముందు ఆ మాటే ఎత్తుతారు. ఎవరికీ చెప్పకుండా గ్రూపులన్నీ మ్యూట్ చేసి, మండల అధికారులైన ఎంపీడీవో, ఎంపీవో, పంచాయతీ పనుల్లో సాయపడే కారోబార్ ఫోన్లు మాత్రం మోగేలా పెట్టుకోవడం ఇంకొకటి. ఇందులో గొడవ ఉండదు. అయితే మొదటి వారం "ఏదో మెసేజ్ వచ్చే ఉంటుంది" అన్న ఆరాటంతో మోగని ఫోనునే పదిసార్లు తీసి చూస్తారు. అది కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడోది. మీ పక్క గ్రామ కార్యదర్శితో మీకు మంచి స్నేహం ఉందని రాశారు. ఆమెకూ ఇదే గ్రూపు, ఇదే బాధ. సాయంత్రాలు వంతులు వేసుకోండి. ఒక సాయంత్రం ఆమె మండల గ్రూపు చూసి, నిజంగా ఆ రాత్రే చేయాల్సింది ఏదైనా ఉంటే మీకు ఫోన్ చేస్తారు. మర్నాడు మీరు ఆమె కోసం చూస్తారు. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారంలో సగం సాయంత్రాలు మీకు మిగులుతాయి. ఆమె ఏదైనా చూడకుండా వదిలేస్తే మాట పడేది మీరన్నది మాత్రం ముందే ఒప్పుకుని దిగాలి.

ఊరివాళ్ల ఫోన్ల విషయంలో కారోబార్‌ను ముందు నిలబెట్టడం మీ హక్కు. నీళ్లూ లైట్ల ఫిర్యాదులు మొదట ఆయనకు చెప్పాలనీ, ఆయన వల్ల కాకపోతేనే మీకు వస్తాయనీ సర్పంచ్‌తో మాట్లాడి ఒకసారి చాటింపు వేయించండి. కొందరు అలవాటు కొద్దీ మీకే చేస్తారు. "కారోబార్‌కు చెప్పిన్రా?" అని ఒక్క ప్రశ్న అడిగి పెట్టేయండి, నెల రోజుల్లో సగం ఫోన్లు తగ్గుతాయి.

పని ముగించడం అన్నానుగా, దానికి ఒక చిన్న అలవాటు ఉంది. పంచాయతీ కార్యాలయం తాళం వేసే ముందు బీరువాలో ఉన్న ఏదైనా పాత రిజిస్టరు వెనక పేజీ తెరిచి, ఈ రోజు మిగిలిపోయిన పనులు, వాటి పక్కన ఎప్పుడు చేస్తారో రాయండి. "పెన్షన్ల జాబితా, రేపు పది గంటలకు" అన్నంత చాలు. పూర్తికాని పనిని మనసు పదేపదే గుర్తుచేస్తూ ఉంటుంది. దానికి ఒక వేళ కేటాయించి కాగితం మీద పెడితే ఆ గుర్తుచేయడం చాలావరకు తగ్గుతుంది. ఆ రిజిస్టరు ఇంటికి తీసుకురాకండి. ఇంటికి తెస్తే దాని ప్రయోజనమే పోతుంది.

తాళం వేశాక స్కూటీ మీద కూర్చుని, తాళంచెవి తిప్పకముందు అయిదారు సార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకుని, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదిలితే సరి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నాడి ద్వారా గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. ఒక్క నిమిషం పడుతుంది. మీ ఇంటి గేటు ముందు బండి ఆపాక మళ్లీ ఒకసారి చేయండి, ఫోనులో ఏమొచ్చిందో చూడకుండా లోపలికి వెళ్లండి. ఇది అతి చిన్న విషయంగా కనిపిస్తుందని నాకు తెలుసు. అయినా ఊరి చిరాకు ఇంట్లోకి అడుగుపెట్టేది ఆ గేటు దగ్గరే కనుక, ఆపగలిగే చోటు కూడా అదే.

బస్సు గురించి కూడా ఆలోచించండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఉదయం ఫోటోల వేళకు బస్సు కుదరదు, అది నిజమే. వచ్చేటప్పుడు మాత్రం, స్కూటీని ఊళ్లోనే నమ్మకమైన చోట ఉంచి, వారంలో రెండు రోజులు బస్సులో రావచ్చు; అయితే ఆ మర్నాడు పొద్దున్నే వెళ్లడానికి మీ ఆయన దింపాలి. సీటు దొరికితే ఆ ప్రయాణమంతా కళ్లు మూసుకుని కూర్చోవచ్చు. దొరకకపోతే నిలబడి రావడం స్కూటీ కంటే అలసట. మీ రూటులో రద్దీ సంగతి మీకు తెలుసు, తేల్చుకోవలసింది మీరే.

నిద్ర విషయంలో రెండు మాటలు. కార్యాలయానికి వచ్చిన ప్రతివారితో మర్యాదకు చాయ్ తాగుతూ రోజుకు ఏడెనిమిది కప్పులు అవుతున్నాయని రాశారు. ఒంట్లోకి చేరిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి చాయ్ రాత్రి పదకొండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక చాయ్ మానేయండి. మర్యాద దెబ్బతింటుందనిపిస్తే మజ్జిగ అడగండి, పల్లెలో ఎవరూ తప్పుపట్టరు. ఒక్కసారిగా తగ్గిస్తే రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు కనుక రోజుకొక కప్పు చొప్పున తగ్గించుకోండి.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడకండి, ఫోను అసలు ముట్టకండి. చూడగానే "ఇంకా గంటన్నరే ఉంది" అన్న లెక్క మొదలవుతుంది, ఆ లెక్కే నిద్రను చెడగొడుతుంది. ఎంతకీ నిద్ర రాకపోతే లేచి ముందుగదిలో మసక వెలుతురులో కాసేపు కూర్చుని, కళ్లు బరువెక్కాక తిరిగి వచ్చి పడుకోండి. నిజానికి మీకు కావలసింది రాత్రి ఒక గంట ముందుగా పడుకోవడం, ఆ గంట దొరికేది ఇంటి పనిలో నుంచే. కాబట్టి అసలు సంగతికి వస్తున్నాను.

"మా ఆయన మంచివారు, చెప్తే ఏ పనైనా చేస్తారు" అని రాశారు. ఆ 'చెప్తే' దగ్గరే మీ బరువు ఉంది. అత్తమ్మ షుగరు మాత్రలు ఎన్ని మిగిలాయో, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో, కొడుకు ఫీజు గడువు ఎప్పుడో, అన్నీ మీ తలలోనే ఉన్నాయి. చేతి సాయం ఎంత అందినా, గుర్తుపెట్టుకునే పని మీదే అయినంతకాలం మీకు విశ్రాంతి దొరకదు. అందుకని ఆయనకు పనులు చెప్పడం మాని, ఒకటి రెండు బాధ్యతలు పూర్తిగా అప్పగించండి. ఉదాహరణకు అత్తమ్మ ఆరోగ్యం: మాత్రలు కొనడం, వేళకు వేయించడం, షుగరు పరీక్షకు తీసుకుపోవడం, డాక్టరుతో మాట్లాడటం, అన్నీ ఆయనవే. రాత్రి షిఫ్టు వారం ఉదయం ఇంటికి రాగానే మాత్రలు వేయించవచ్చు, పగటి షిఫ్టు వారం సాయంత్రం చూసుకోవచ్చు. మొదట్లో ఆయన మరిచిపోతారు. మాత్రలు ఒక రోజు ఆలస్యంగా కూడా తేవచ్చు. మీరు మధ్యలో దూరి సరిచేస్తే ఆ బాధ్యత మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. దూరకపోతే కొన్నాళ్లు మనసు పీకుతుంది. షుగరు మాత్ర తప్పడం ప్రమాదం కనుక మొదటి రెండు వారాలు మాత్రల డబ్బా ఖాళీ అయిందో లేదో మీరు ఒక కన్ను వేసి ఉంచడంలో తప్పులేదు, కానీ కొనుక్కొచ్చేది మాత్రం ఆయనే కావాలి.

రెండు కూరలు వండే శ్రమ కూడా తగ్గించవచ్చు. అత్తమ్మకు మంచిదైన తక్కువ ఉప్పూ తక్కువ నూనే మీ అందరికీ మంచివే. ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క కూరే వండి, కావలసినవాళ్లు పచ్చడో కారప్పొడో వేసుకుంటే సరిపోతుంది. పిల్లలు మొదట్లో మూతి ముడుస్తారు, నాలుకకు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. వారంలో రెండు మూడు సాయంత్రాలు రొట్టెలు బయట తెప్పించండి. పాలమూరులో చీకటి పడే వేళకు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మే అక్కలు ఉంటారు; వాళ్ల రొట్టె మన ఇంటి రొట్టెకు ఏమాత్రం తీసిపోదు. ఖర్చు కొంత పెరుగుతుంది, మీకు ముప్పావు గంట మిగులుతుంది. "బయటి తిండి ఇంటికి తెస్తవా?" అని అత్తమ్మ అనవచ్చని మీరే రాశారు. ఆమెతో వాదించకండి. కూర ఇంట్లోదే, జొన్నరొట్టె షుగరున్నవాళ్లకు అన్నం కంటే మేలు అని మీ ఆయన చేత చెప్పించండి; ఈ మాట కోడలి నోటి నుంచి వినడం కంటే కొడుకు నోటి నుంచి వినడం ఆమెకు సులువు.

కొడుకు తన టిఫిన్ డబ్బా తానే కడుక్కోవాలి, తన యూనిఫాం తానే మడతపెట్టుకోవాలి. ఆరో తరగతి పిల్లవాడికి ఇవి పెద్ద పనులు కావు. అయితే అంతకంటే ముందు వాడితో మాట్లాడండి. వండిపెట్టి, బొమ్మ కొనిచ్చి మరిపించాలని చూడకండి. పక్కన కూర్చోబెట్టుకుని "ఆ రోజు నిన్ను కొట్టడం తప్పు, నువ్వేమీ తప్పు చేయలేదు, నాకు పని ఎక్కువై కోపం వచ్చింది, ఆ కోపం నీ మీద చూపించాను" అని సూటిగా చెప్పండి. పిల్లలు అమ్మ కోపానికి తామే కారణమనుకుని లోలోపల కుమిలిపోతారు. ఆ భారం వాడి మీద నుంచి మీరు మాత్రమే దించగలరు. ఆ తర్వాత బయటి రొట్టెలు తెచ్చుకునే సాయంత్రాల్లో, వాటి కోసం పది నిమిషాలు వాడిని వెంటబెట్టుకుని నడిచి వెళ్లండి. మీకు నడక, వాడికి అమ్మ, ఇంటికి రొట్టెలు. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం పెద్దవాళ్లకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊళ్లో ట్రాక్టరు వెంట వీధులు తిరిగే మీకు అందులో చాలా భాగం ఇప్పటికే అవుతోంది. కనుక వ్యాయామం చేయడం లేదన్న బెంగ పెట్టుకోకండి.

ఇక రాబోయే మార్చి సంగతి. పన్నుల వసూలు, పరీక్షలు ఒకేసారి మీద పడతాయని మీకు ముందే తెలుసు కనుక, ఇవాళే చేయగలిగింది ఉంది. ఏ ఇంటి పన్ను ఎంతో రాసి ఉండే డిమాండ్ రిజిస్టరు ముందేసుకుని, ఎక్కువ బకాయిలున్న ఇళ్లను ఫిబ్రవరిలోనే కారోబార్‌తో కలిసి వార్డులవారీగా తిరగండి. వడ్లు అమ్మిన డబ్బు ఇంకా చేతిలో ఉన్న ఇళ్లు ముందు, వలస వెళ్లినవాళ్ల ఇళ్లు వాళ్లు ఊరికి వచ్చే రోజు కనుక్కుని తర్వాత. చివరి పదిరోజులకు మిగిలేవి మొండి బకాయిలు మాత్రమే అయితే మీరు సెలవు అడగడానికి ముఖం చెల్లుతుంది.

సెలవు అంటున్నది ఎందుకంటే, తెలంగాణలో ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు ఉంది. మొత్తం సర్వీసులో 90 రోజులు, ఒక విడతకు 15 రోజులకు మించకుండా, పిల్లలకు 18 ఏళ్లు నిండేలోగా వాడుకోవచ్చు. పిల్లల పరీక్షలు కూడా అందుకు తగిన కారణమే. మీ సర్వీసు క్రమబద్ధమైందని రాశారు కనుక ఇది మీకు వర్తించాలి, మండల కార్యాలయంలో ఒకసారి నిర్ధారించుకోండి. అడగగానే ఇచ్చి తీరాలన్న హక్కు మాత్రం కాదు, మంజూరు చేయడం అధికారి చేతిలో ఉంటుంది. పరీక్షలు మొదలయ్యాక అడిగితే మార్చి వసూళ్ల పేరు చెప్పి కాదనే వీలుంది. ఇప్పుడే, వసూలు ప్రణాళిక కాగితం మీద పెట్టి, దానితో పాటు రాతపూర్వకంగా అడిగితే ఆ వీలు తగ్గుతుంది. పూర్తి సెలవు రాకపోతే పరీక్ష ఉన్న రోజుల్లో ఉదయం పూట మాత్రమైనా అడగండి. అదీ కుదరకపోతే అమ్మాయిని పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లేది మీ ఆయనే కావాలి. ఆయన షిఫ్టు మార్పించుకోవడానికి కూడా ఇప్పుడే అడగాలి. ఉత్తరమంతా మీ సెలవు గురించే ఉంది కానీ ఆయన సెలవు ఊసే లేదు. ఆమె ఆయనకూ కూతురే కదా.

శ్రీశైలం ప్రయాణం మంచిదే. పరీక్షలయ్యాక పిల్లలతో వెళ్లండి. ఇప్పుడు వెళితే నాలుగు రోజుల పని పేరుకుపోయి అయిదో రోజు మీ మీద పడుతుంది.

ఇక ఉద్యోగం మానేయాలా వద్దా అన్న ప్రశ్న. నేను మానేయమనీ చెప్పను, మానవద్దనీ చెప్పను. 5 గంటల నిద్రతో, మార్చి నెత్తిన పెట్టుకుని తీసుకునే నిర్ణయం సరిగా ఉండదన్నది మాత్రం చెప్పగలను. మానేస్తే ఉదయాలు తేలికవుతాయి, పిల్లలకు దగ్గరగా ఉంటారు. మరోవైపు, ఒక్క జీతం మీద ఇల్లు నడవాలి, పదో తరగతి దాటిన అమ్మాయి చదువు ఖర్చు మొదలయ్యేది ఇప్పుడే, వదిలిన సర్కారు ఉద్యోగం మళ్లీ రావడం కష్టం. పైగా ఇంటి పనుల పంపకం మారకుండా ఉద్యోగం ఒక్కటే పోతే, ఇంట్లోని ప్రతి పనీ "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ మీ దగ్గరికే వస్తుంది.

మానేయడానికీ, ఇలాగే ఉండటానికీ మధ్యలో బదిలీ ఉంది. ప్రభుత్వం బదిలీలకు అనుమతించినప్పుడు పట్టణానికి దగ్గరి గ్రామం కోరుకోవచ్చు. రోజుకు గంట దాకా ప్రయాణం మిగులుతుంది. పట్టణం పక్క ఊళ్లలో లేఅవుట్లు, ఇంటి అనుమతులు, వాటి వెంట వచ్చే ఒత్తిళ్లు వేరే రకంగా ఉంటాయని మాత్రం తెలిసి వెళ్లాలి. ఇప్పుడున్న ఊళ్లో మిమ్మల్ని "మా మేడం" అనుకునే మనుషులు ఉన్నారని ఎంతో ఇష్టంగా రాశారు, అదీ లెక్కలోకి తీసుకోండి.

ఏప్రిల్ నెలాఖరు దాకా ఈ మార్పుల్లో మీకు కుదిరినవి నడిపి చూడండి. అప్పటికి వైద్య పరీక్షల ఫలితాలు చేతికి వస్తాయి, పన్నుల గడువు దాటుతుంది, అమ్మాయి పరీక్షలు అయిపోతాయి. అప్పటికీ మూడింటికి గుండెదడతో లేస్తూనే ఉంటే, బదిలీ గురించీ, ఉద్యోగం గురించీ ఇంటి ఖర్చుల కాగితం ముందు పెట్టుకుని మీ ఆయనతో కూర్చోండి. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంటి జమాఖర్చులు తెలుసుకునే వయసు ఆమెకు వచ్చింది, ఆ నిర్ణయం ఆమె చదువుకూ సంబంధించినదే.